నాన్న, కళ్ళజోడు తాడు, క్రాకూఫ్

మా నాన్న తాపీ మేస్త్రి. ద్రాక్షారామం చుట్టుపక్కల ఊళ్ళలో ఆయన చెయ్యి పడ్డ ఇళ్ళు బోలెడు. ఎవరింటికి భోజనానికి వెళ్ళినా ముందు గోడల మూలలు చూస్తారు, విస్తరి సంగతి తర్వాత. అక్కకి సంబంధం చూడ్డానికి వెళ్ళొచ్చి, "కుర్రాడు బాగానే ఉన్నాడు గానీ వాళ్ళ వంటింటి గోడే గుండుకి లేదు" అని వారం రోజులు నసిగిన మనిషి. గుండు అంటే, గోడ నిటారుగా ఉందో లేదో చూడ్డానికి మేస్త్రులు తాడుకి కట్టి వేలాడదీసే బరువు. ఆ సంబంధం కుదిరింది. ఆ గోడ ఇప్పటికీ అలాగే ఉంది. ఆయన ఇప్పటికీ ఆ వంటింట్లోకి అడుగు పెట్టరు.

ఆ మనిషి 2014 వేసవిలో అయిదు వారాలు పోలండ్‌లో నా దగ్గరున్నారు. నేనప్పుడు అక్కడ ఒక కంపెనీలో లెక్కల పని చేసేదాన్ని. అమ్మని కూడా రమ్మంటే "గేదెల్ని నువ్వొచ్చి చూస్తావా?" అంది. సరే, నాన్న ఒక్కరే వచ్చారు. మెడలో కళ్ళజోడు తాడు, చేతిలో ఆవకాయ సీసా, కాళ్ళకి ఆ ప్రయాణం కోసమే కొన్న బూట్లు. ఆ బూట్లు రెండో రోజే పక్కన పడేశారు.

నేనున్న ఊరి పేరు ఇంగ్లీషు బోర్డుల మీద క్రాకో అని ఉంటుంది గానీ అక్కడివాళ్ళు పలికేది క్రాకూఫ్. అప్పటికి నేనా ఊళ్ళో రెండేళ్ళుగా ఉంటున్నాను. ఉన్నానన్న మాటేగానీ చూసింది తక్కువ. ప్రపంచం నలుమూలల నుంచీ జనం వచ్చి నోరు తెరుచుకుని నిలబడే రినెక్ చౌకు నాకు ట్రామ్ దిగి ఆఫీసుకి అడ్డంగా పడి పోయే దారి, అంతే. ఎవరైనా అడిగితే "బావుంటుంది, పాతకాలపు ఊరు" అనేదాన్ని. అంతకన్నా చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

మొదటి రోజు పొద్దున్నే ప్లాంతి మీదుగా నడిపించి తీసుకెళ్ళాను. పాత ఊరి చుట్టూ ఉంగరంలా తిరిగే పార్కు అది. ఒకప్పుడు అక్కడ కోటగోడ, కందకం ఉండేవి. 19వ శతాబ్దం మొదట్లో గోడ కూలగొట్టి, కందకం పూడ్చి, చెట్లు నాటారు. ఉత్తరాన మాత్రం కాస్త గోడ, ఫ్లోరియన్ ద్వారం, దాని ముందు బార్బికన్ అనే గుండ్రటి కాపలా బురుజు మిగిలాయి. అవెలా మిగిలాయో ఒక కథ చెబుతారు. రద్వాన్‌స్కి అనే ప్రొఫెసరు "ఈ గోడ కూడా పోతే ఉత్తరపు గాలి నేరుగా ఊళ్ళోకి కొడుతుంది, ఆడవాళ్ళకీ పిల్లలకీ జబ్బులొస్తాయి" అని వాదించి ఆపించాడట. నాన్నకి ఆ ప్రొఫెసరు తెగ నచ్చేశాడు. "చూశావా, అందంగా ఉంది ఉంచండి అంటే ఎవడూ ఉంచడు. రొంప పడుతుందంటే ఉంచుతారు" అన్నారు. 1498లో కట్టడం మొదలైన ఆ బార్బికన్ గోడ మందం మూడు మీటర్లని చెబితే, నమ్మకుండా ఒక కిటికీ కన్నంలోకి భుజం దాకా చెయ్యి దూర్చి చూసుకున్నారు.

దారిలో నీలం బండి దగ్గర ఒబ్వజానెక్ కొన్నాను. మెలి తిప్పిన పిండిని చుట్టగా చేసి, ముందు వేణ్ణీళ్ళలో వేసి తీసి, తర్వాత కాలుస్తారు. పైన నువ్వులో గసగసాలో. ఆ ఊళ్ళోనూ చుట్టుపక్కలా చేసినవి తప్ప వేరేవి ఆ ఊరి ఒబ్వజానెక్ అన్న పేరుతో అమ్మడానికి వీల్లేదు, యూరోపు చట్టం కాపాడుతోంది. నాన్న అటూ ఇటూ తిప్పి చూసి, "పెద్ద చేగోడీ. వేయించడం మర్చిపోయారు" అని తీర్పిచ్చారు. అయిదు వారాలూ రోజుకొకటి తిన్నారు మరి.

రినెక్‌లో అడుగు పెట్టగానే నేననుకున్నది జరగలేదు. ఆహా ఓహో అంటారనుకున్నాను. ఆయన ఏమీ అనకుండా ఆ చౌకు చుట్టూ ఒక పూర్తి ప్రదక్షిణం చేశారు. ఒక్కో పక్కా 200 మీటర్లు, 1257లో ఊరికి కొత్త నగర శాసనం వచ్చినప్పుడు గీసిన నలుచదరం. అడుగులు లెక్కపెట్టుకుంటూ వెనక్కి వచ్చి, "నాలుగు పక్కలా సమానం. తాడు లాగి కొట్టారు. ఆ గుడి మాత్రం మూలమట్టానికి లేదు, వంకరగా పెట్టారెందుకు?" అన్నారు.

ఆ గుడి అంటే మరియాత్స్కి చర్చి. ఎర్ర ఇటుకల చర్చి, రెండు గోపురాలు, ఒకటి పొట్టి, ఒకటి పొడుగు. నిజంగానే అది చౌకు గీతకి ఏటవాలుగా నిలబడి ఉంటుంది. రెండేళ్ళూ దాని పక్కనుంచే నడిచాను, ఒక్కసారీ గమనించలేదు. సాయంత్రం చదివితే తెలిసింది. చౌకు గీయకముందే అక్కడ చర్చి ఉంది. తర్వాత దాన్ని మళ్ళీ మళ్ళీ కట్టినా ఆ మొదటి దిక్కు మార్చలేదు. ఊరు తిరిగింది, గుడి తిరగలేదు.

ఇక ఆ రోజు అసలు కథ. చౌకు మధ్యలో ఒంటరిగా ఒక గోపురం ఉంది, పాత నగర సభ తాలూకుది. సభ భవనాన్ని 1820లో పడగొట్టేశారు, గోపురాన్ని మాత్రం వదిలేశారు. 70 మీటర్ల ఎత్తు. నాన్న దాని ముందు నిలబడి, తల ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకి వంచి, "అమ్మాయ్, నీ తాళాలు ఇలా ఇవ్వు" అన్నారు.

"ఎందుకు నాన్నా?"

"ఇవ్వవే."

ఇచ్చాను. మెడలోంచి కళ్ళజోడు తాడు తీసి, కళ్ళజోడు నా చేతిలో పెట్టి, ఆ తాడు చివర నా తాళాల గుత్తి ముడి వేశారు. చెయ్యి చాచి ఎత్తి పట్టుకున్నారు. ఒక కన్ను మూశారు. గుత్తి అటూ ఇటూ ఊగి నిలబడే దాకా ఊపిరి బిగబట్టారు. చుట్టూ గుర్రబ్బగ్గీలు, కెమెరాలతో జనం, పావురాలు. నాకేమో తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఒక ముసలావిడ ఆగి, ఈయన వంకా గోపురం వంకా మార్చి మార్చి చూసింది.

"ఒరిగింది" అన్నారు నాన్న.

"ఏం ఒరగలేదు. పద, నీకు ఎండ తగిలింది."

"నీకేం తెలుసే? ఒరిగింది. జానెడు కాదు, మూరకి పైనే."

రాత్రి భోజనాలయ్యాక ఫోనులో వెతికాను. 1703లో వచ్చిన పెద్ద గాలివాన దెబ్బకి గోపురం ఒరిగిందట. 55 సెంటీమీటర్లు. మూర అంటే దాదాపు 45. నాన్న అప్పటికే నిద్రపోయారు. లేపి చెప్పాలా వద్దా అని చాలాసేపు గుమ్మంలో నిలబడ్డాను. పొద్దున చెబితే "మరి చెప్పానుగా" అన్నారు, అంతే. కాఫీ చల్లారిపోతోందని గుర్తు చేశారు.

ఆ రోజు నుంచి నేను ఆయనకి ఊరు చూపించడం మానేసి, ఆయన వెనకాల నడవడం మొదలుపెట్టాను.

చౌకు మధ్యలో పొడుగ్గా ఉన్నది సుకెన్నిత్సె, బట్టల వర్తకుల సంత. వందమీటర్లకి పైగా పొడవు. ఇప్పుడు లోపల అంబరు పూసలు, చెక్క బొమ్మలు అమ్ముతారు. (అమ్మకి పూసల దండ కొన్నాం. నాన్న బేరం ఆడబోతే నేను చెయ్యి పట్టుకు లాగాల్సి వచ్చింది.) ఆయన కళ్ళు పూసల మీద లేవు, పైన పిట్టగోడ మీదున్నాయి. 1555లో ఆ సంత తగలబడింది. తర్వాత మళ్ళీ కట్టినప్పుడు పైకప్పుని లోపలికి వాలుగా దించి, దాని ముందు ఎత్తుగా గోడ లేపారు. ఒక ఇంటి కప్పు నుంచి ఇంకో ఇంటి కప్పుకి మంట పాకకుండా. ఆ గోడనే అందంగా మలిచి, మధ్య మధ్యలో వెక్కిరించే మొహాలు పెట్టారు. "దిష్టిబొమ్మలు ఇక్కడా ఉన్నాయే" అని నాన్న మురిసిపోయారు. ఆ మొహాలు పని చేయించిన పెద్దమనుషులవే అయ్యుంటాయనీ, కూలి ఎగ్గొడితే మేస్త్రులు అలాగే కక్ష తీర్చుకుంటారనీ ఒక సిద్ధాంతం కూడా లేవదీశారు. ఆయన సొంత అనుభవం ఏదో ఉన్నట్టుంది, నేను తరచి అడగలేదు.

ఆ సంత కమాను కింద ఒక ఇనప కత్తి వేలాడుతుంటుంది. మరియాత్స్కి గోపురాలు ఇద్దరు అన్నదమ్ములు కట్టారనీ, అసూయతో ఒకడు రెండోవాణ్ణి పొడిచేశాడనీ, ఆ కత్తి ఇదేననీ, అందుకే ఒక గోపురం పొట్టిగా ఉండిపోయిందనీ చెబుతారు. నేను గొంతు తగ్గించి, కాస్త రక్తి కట్టించి చెప్పాను. నాన్న శ్రద్ధగా విన్నారు.

"డబ్బులైపోయుంటాయి" అన్నారు. "అయినా మేస్త్రికి కత్తెందుకు, చేతిలో తాపీ ఉండగా?"

చౌకులో ఒక మూల చిన్న చర్చి ఉంది, సెయింట్ వోయిచెహ్‌ది. చుట్టూ ఉన్న నేలకన్నా కిందికి కూరుకుపోయినట్టు ఉంటుంది. కూరుకుపోలేదు. వందల ఏళ్ళుగా చౌకు మీద మట్టి మీద మట్టి, రాయి మీద రాయి పరుచుకుంటూ పోయేసరికి నేలే పైకి లేచింది. నాన్నకి ఇది విడమరిచి చెప్పే పని పడలేదు. మా వీధిలో మూడుసార్లు రోడ్డు వేస్తే మా గుమ్మం పల్లంలో పడి, వానాకాలం అమ్మ చీపురు పట్టుకుని నీళ్ళు తోడడం ఆయనకి అలవాటైన సంగతి. "పాత రోడ్డు తవ్వి వెయ్యమంటే వినరు. ఎక్కడైనా అదే బుద్ధి" అన్నారు. ఆ పైకి లేచిన నేల కిందంతా తవ్వి 2010లో మ్యూజియం చేశారు. పాత దారులూ, బళ్ళు తిరిగిన జాడలూ దిగి చూడొచ్చు. ఆ తవ్విన గోతిలో పాత రాళ్ళ వరసల ముందు ఆయన ఎంతసేపు నిలబడ్డారంటే, అక్కడి ఉద్యోగిని వచ్చి ఒంట్లో బాగుందా అని అడిగింది.

మరియాత్స్కి లోపలికి వెళ్ళాలంటే పన్నెండుకి కాస్త ముందు వెళ్ళాలి. ఎదురుగా రెక్కలు మూసిన పెద్ద చెక్క పేటికలాంటిది. పన్నెండుకి పది నిమిషాలుందనగా ఒక సన్యాసిని వచ్చి ఆ రెక్కలు తెరుస్తుంది. తెరుచుకోగానే లోపలంతా బంగారం, నీలం. సుమారు 13 మీటర్ల ఎత్తు. న్యూరెంబర్గ్ నుంచి వచ్చిన విట్ స్త్వోష్ అనే శిల్పి 1477 నుంచి 1489 దాకా పన్నెండేళ్ళు చెక్కాడు. మధ్యలో మేరీమాత ప్రాణం పోతూ మోకాళ్ళ మీద ఒరిగిపోతుంటే చుట్టూ శిష్యులు. మనిషి కన్నా పెద్ద బొమ్మలు, లిండెన్ చెక్కవి. యుద్ధంలో నాజీలు దీన్ని ముక్కలుగా విప్పి ఎత్తుకుపోయారు. 1946లో వెనక్కి తెచ్చుకున్నారు.

నేను ఎప్పుడూ ఆ బంగారమే చూశాను. నాన్న ఆ రోజు అరవై దాటిన తన చెయ్యి ఎత్తి, వెనక వైపు తిప్పి, నాకు చూపించారు. సున్నానికి పగిలిన వేళ్ళు, మణికట్టు మీద తాళ్ళలా లేచిన నరాలు. తర్వాత మేరీమాతని పట్టుకున్న శిష్యుడి చెయ్యి చూపించారు. అవే నరాలు. చెక్కలో. "పని చేసే వాళ్ళని చూసి చెక్కాడు. దేవుళ్ళని చూసి కాదు" అని చెవిలో అన్నారు. చర్చిలో గట్టిగా మాట్లాడకూడదని ఎవరూ చెప్పకుండానే ఆయనకి తెలుసు.

బయటికి వచ్చేసరికి పన్నెండైంది. పొడుగు గోపురం పైన కిటికీ తెరుచుకుంది. బూర అంచు ఎండలో మెరిసింది. హేయ్‌నౌ. గంటకొకసారి, రాత్రీ పగలూ, నాలుగు దిక్కులకీ నాలుగుసార్లు ఊదుతారు. ఊదేది అగ్నిమాపక దళం వాళ్ళు. పాట సగంలో టక్కున ఆగిపోతుంది. 1241లో తాతారు సేనలు వస్తుంటే హెచ్చరిక ఊదుతున్న కాపలావాడి గొంతులో బాణం దిగిందనీ, అతను ఎక్కడ ఆపాడో నేటికీ అక్కడే ఆపుతారనీ కథ. చరిత్ర కాదు, కథే. అయినా ఆ ఆగిపోయే చోట ప్రతిసారీ గుండె ఒక మెట్టు తప్పుతుంది.

"అయితే ఇన్నేళ్ళలో మిగతాది ఎవడూ ఊదలేదా?" అన్నారు నాన్న.

"లేదు."

"పాపం" అన్నారు. ఎవరిని అన్నారో నాకు తెలియలేదు.

ఒకరోజు ఆయన తప్పిపోయారు. నేను ఆఫీసులో ఉన్నాను, మధ్యాహ్నం ఫోను చేస్తే తియ్యలేదు. ఇంటికి పరిగెత్తాను, లేరు. ప్లాంతి అంతా తిరిగాను. పోలీసులకి ఏ భాషలో ఏం చెప్పాలా అని ఏడుపు ముంచుకొస్తుంటే, ఒక సందులో కనిపించారు. రోడ్డు మీద రాళ్ళు పరుస్తున్న పనివాళ్ళ పక్కన గొంతుక్కూర్చుని, చేతిలో వాళ్ళిచ్చిన టీ కప్పు. ఇసక పరిచి, ఒక్కో రాయీ చేత్తో తూచి, మొహం ఏ పక్క ఉండాలో తిప్పి చూసి, పొట్టి సుత్తితో రెండు దెబ్బలు. నన్ను చూసి "రెండే దెబ్బలు. మూడోది అక్కర్లేదు, చూడు" అన్నారు. పనివాళ్ళలో పెద్దాయన నాన్న వంక చూపించి నాతో ఏదో అన్నాడు, నాకు సగమే అర్థమైంది. ఈయనకి పని తెలుసు అన్నట్టుంది. నేను నాన్నని అక్కడే తిట్టాను. ఆయన ఇంటికొచ్చే దారంతా "దోబ్జె, దోబ్జె" అనుకుంటూ వచ్చారు. బాగుంది అని అర్థం. పోలిష్‌లో ఆయన నేర్చుకున్న మాట అదొక్కటే.

వావెల్ కొండకి ఒక ఆదివారం వెళ్ళాం. విస్వా నది ఒడ్డున రాజుల కోట. కింద గుహ, గుహ ముందు నిజంగానే మంట కక్కే కంచు డ్రాగన్. ఆ డ్రాగన్‌ని ఒక చెప్పులు కుట్టేవాడు గంధకం కూరిన గొర్రెపిల్లని తినిపించి చంపాడట. దాహమేసి నదిలో నీళ్ళన్నీ తాగి పేలిపోయిందట. నాన్నకి ఇలాంటివి పట్టవు. కొండ ఎక్కే దారి పక్క గోడ దగ్గర మాత్రం ఆగిపోయారు. గోడ నిండా పేర్లు చెక్కిన చిన్న చిన్న పలకలు.

ఆస్ట్రియా సైన్యం ఈ కోటని ఏళ్ళ తరబడి బారకాసులుగా వాడి పాడు చేసింది. 20వ శతాబ్దం మొదట్లో వాళ్ళు ఖాళీ చేశాక బాగు చెయ్యడానికి డబ్బు కావలసొచ్చింది. 1921 నుంచి జనం దగ్గర చందాలు పోగుచేసి, ఇచ్చినవాళ్ళ పేర్లు ఇలా గోడలో పెట్టారు. నాన్న ఒక్కో పలకా వేలితో తడుముతూ నడిచారు. "మన గుడి మెట్లలాగే ఉంది" అన్నారు. మా ఊరి రామాలయం మెట్ల మీద దాతల పేర్లున్నాయి. మండపంలో ఫ్యాను రెక్కల మీద కూడా ఉన్నాయి, ఫ్యాను తిరిగితే ఎవరి పేరూ కనిపించదు. నాన్న ఆ గుడికి నాలుగు నెలలు పని చేశారు. ఆయన పేరు ఎక్కడా లేదు. ఆ సంగతి నేనే అన్నాను. "నాదెందుకే, నేను కూలి పుచ్చుకున్నాగా" అన్నారు.

పైన గుడి, అదే వావెల్ కథీడ్రల్, చూస్తే ఒక చేతి పని కాదని ఇట్టే తెలుస్తుంది. ఇక్కడో రాయి, అక్కడో ఇటుక, ఒక పక్క నల్లబడ్డ గోపురం, ఇంకో పక్క బంగారు రేకుల గుమ్మటం. తలో రాజూ తలో ముక్క అతికించాడు. ఆ బంగారు గుమ్మటం జిగిస్మండ్ చాపెల్‌ది, ఇటలీ నుంచి వచ్చిన బెరెచ్చి కట్టాడు, 1533కి పూర్తయింది. గుమ్మం పక్కన గొలుసులకి పెద్ద పెద్ద ఎముకలు వేలాడుతుంటాయి. డ్రాగన్‌వి అంటారు, నిజానికి పాతకాలపు జంతువులవి. అవి కింద పడిన రోజు లోకం అంతమట. నాన్న గొలుసు వంక పరీక్షగా చూసి, "ఇప్పట్లో పడవు" అని నాకు హామీ ఇచ్చారు. గంట గోపురం మెట్లు కూడా ఎక్కారు. 1520లో పోతపోసిన జిగిస్మండ్ గంట మోగించాలంటే పన్నెండు మంది తాళ్ళు లాగాలి.

కోట లోపలి ముంగిట్లో మూడంతస్తుల కమానులు. పై అంతస్తు స్తంభాలు కింది వాటికన్నా రెట్టింపు పొడవు, సన్నగా, నడుము దగ్గర వడ్డాణంలా ఒక ఉంగరం. "అతుకు దాచడానికి పెట్టాడు, నగలా కనపడుతోంది. వీడు గట్టివాడు" అన్నారు నాన్న. మెచ్చుకోలు ఆయన నోట్లోంచి అంత తేలిగ్గా రాదు.

అదే ముంగిట్లో ఒక మూల కొందరు కళ్ళు మూసుకుని గోడకి వీపు ఆనించి నిలబడి ఉన్నారు. ఏమిటంటే, వావెల్ చక్రం. శివుడు ఏడు రాళ్ళు భూమ్మీద ఏడు చోట్లకి విసిరాడనీ, ఒకటి ఇక్కడ పడిందనీ, అది ఈ గోడ వెనకే ఉందనీ, శక్తి వస్తుందనీ నమ్మకం. కోట వాళ్ళకి ఈ వ్యవహారం బొత్తిగా గిట్టదు. నేను నవ్వుతూ చెప్పాను. నాన్న నవ్వలేదు. మాది ద్రాక్షారామం పక్క ఊరు కదా, తారకాసురుడి మెడలో లింగం అయిదు ముక్కలై పంచారామాల్లో పడిన కథ వింటూ పెరిగినవాళ్ళం. "మనకి అయిదు పడ్డాయి. వీళ్ళకి ఒక్కటైనా పడనీ" అని, వెళ్ళి ఆ వరసలో నిలబడి, వీపు ఆనించారు. కాసేపయ్యాక వచ్చి, "శక్తి సంగతేమో గానీ గోడ చల్లగా ఉంది. నడుం నొప్పికి హాయిగా ఉంది" అన్నారు.

వియెలిచ్కా ఉప్పు గని గురించి ఎక్కువ రాయను, వెళ్ళిన ప్రతివాళ్ళూ రాస్తారు. నూరు మీటర్ల లోతున కింగా చాపెల్, దీపాల గుత్తులతో సహా అన్నీ ఉప్పే, చెక్కింది గనిలో పనివాళ్ళే. నేల పలకలు పరిచినట్టుంటే, నాన్న వంగి గోటితో అతుకు గీరి, "పలకలు కావు. ఒకే బండ మీద గీతలు గీశాడు, దొంగ" అని కనిపెట్టారు. గోడ నాకి చూశారు కూడా.

జూన్‌లో లాయ్‌కొనిక్ ఊరేగింపు చూశాం. నడుముకి కొయ్యగుర్రం కట్టుకుని, కోసు టోపీ పెట్టుకుని, తాతారు వేషంలో ఒకడు గంతులేస్తూ వచ్చి జనాన్ని దండంతో తట్టి పోతాడు, తట్టించుకుంటే అదృష్టం. "మన తీర్థంలో కీలుగుర్రం!" అని నాన్న చిన్నపిల్లాడిలా ముందుకు తోసుకెళ్ళారు. తట్టించుకున్నారు కూడా.

ఇవన్నీ నవ్వుకుంటూ చెప్పగలను. పొద్గూజె పేటకి వెళ్ళిన రోజు వేరు.

నదికి అవతలి ఒడ్డున ఒక చౌకు ఉంది. దాని నిండా లోహపు కుర్చీలు, ఖాళీవి, దూరదూరంగా. నడిచి నడిచి కాళ్ళు లాగాయేమో, నాన్న అంచున ఉన్న ఒక కుర్చీలో కూర్చున్నారు. కూర్చుని, "బస్సు కోసమా ఇన్ని వేశారు?" అన్నారు. అప్పుడు చెప్పాను. 1941లో నాజీలు ఊళ్ళో మిగిలిన యూదుల్ని ఈ పేటలోకి తోసి గోడ కట్టారు. ఈ చౌకులోనే పోగుచేసి రైళ్ళెక్కించారు. 1943 మార్చిలో పేటని ఖాళీ చేసేశారు. మనుషులు పోయాక వాళ్ళ సామాన్లు, మంచాలు, కుర్చీలు ఈ చౌకులో పడి ఉన్నాయి. అందుకే ఈ కుర్చీలు, 70. నాన్న నిదానంగా లేచి, తాను కూర్చున్న చోటు చేత్తో తుడిచారు. తడి లేదు, దుమ్ము లేదు. అయినా తుడిచారు.

దగ్గర్లోనే, ల్వూఫ్స్కా వీధిలో, ఆ గోడ ముక్క మిగిలి ఉంది. పైఅంచు వరసగా గుండ్రటి కమానుల్లా ఉంటుంది. నాన్న చాలాసేపు చూసి, "పైన ఇలా ఎందుకు కట్టారు? కాపలా గోడకి ఈ పని అక్కర్లేదు" అన్నారు. యూదుల సమాధి రాళ్ళ ఆకారం అది నాన్నా, అన్నాను. లోపలున్నవాళ్ళకి రోజూ కనిపించేలా.

ఇంతవరకూ ప్రతి గోడనీ తడిమిన మనిషి ఆ గోడని ముట్టుకోలేదు. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. "మట్టం తప్పలేదు. చక్కగా కట్టారు" అన్నారు కాసేపటికి. తర్వాత, "ఎవడో మేస్త్రే కట్టుంటాడు" అన్నారు. ఆ సాయంత్రం అన్నం తినలేదు. ఆ ఊరికి గంటన్నర దూరంలో ఉన్న ఆష్విట్జ్, నాజీలు జనాన్ని చంపిన శిబిరం, చూపిద్దామని ముందే అనుకున్నాను. నేను అడగలేదు, ఆయన అడగలేదు.

వెళ్ళిపోయే ముందు రోజు సాయంత్రం ఫ్రాన్సిస్కన్ చర్చికి తీసుకెళ్ళాను. దాన్ని మొదటిసారి నేను కూడా ఆ రోజే చూశాను. విస్పియాన్స్కి అనే చిత్రకారుడు గోడల నిండా పువ్వులు వేశాడు, మన ముగ్గుల్లా అల్లుకుపోయాయి. వెనక గుమ్మం పైన, పడమటి కిటికీలో, ఆయనదే అద్దాల బొమ్మ. సృష్టి చేస్తున్న దేవుడు. ఎడమ చెయ్యి పైకెత్తి, గడ్డం ఎగురుతూ, నీలం, ఆకుపచ్చ, కాషాయం కలగలిసిన సుడి. సాయంత్రం ఎండ వెనకనుంచి కొడుతుంటే ఆ రంగులు నేల మీద, బల్లల మీద, నాన్న తెల్ల చొక్కా మీద పడ్డాయి. ఆయన తన చొక్కా వంక చూసుకుని కదలకుండా కూర్చున్నారు, కదిలితే చెదిరిపోతాయేమో అన్నట్టు. ఎండ దిగిపోయే దాకా అలాగే కూర్చున్నాం. గోడలు గుండుకి ఉన్నాయో లేదో ఆయన చెప్పలేదు. నేనూ అడగలేదు.

2020లో ఇంటి నుంచి పని మొదలయ్యాక నేను ఊరికి వచ్చేశాను. నాన్న పని మానేసి అప్పటికే మూడేళ్ళు, మోకాళ్ళు సహకరించడం లేదు. ఒకరోజు మధ్యాహ్నం ఎందుకో గుర్తొచ్చి ఫోనులో పోలండ్ రేడియో పెట్టాను. వాళ్ళ పన్నెండు గంటల హేయ్‌నౌని 1927 నుంచి రోజూ రేడియోలో వేస్తారు. మనకి అప్పుడు మూడున్నర. అరుగు మీద పడుకున్న నాన్న బూర వినగానే లేచి కూర్చున్నారు. అప్పటి నుంచి అదొక అలవాటైపోయింది. మూడున్నరకి బూర, బూర ఆగగానే టీ. అక్టోబరు చివర్లో వాళ్ళు గడియారాలు వెనక్కి తిప్పుకుంటే బూర నాలుగున్నరకి జరుగుతుంది. అప్పుడు మాత్రం ఆ గంట ఆలస్యానికి నన్నే తిడతారు.

నిన్న కూడా విన్నాం. పాట సగంలో ఆగింది. అమ్మ వంటింట్లోంచి గ్లాసులు తెచ్చింది. నాన్న ఒక గుక్క తాగి, రోజూ అడిగేదే అడిగారు.

"ఆ చౌకులో గోపురం ఎలా ఉందిట?"

"అలాగే ఉంది నాన్నా."

"ఆ… ఉంటుంది" అన్నారు. "ఒరిగితే ఒరిగింది గానీ, పునాది మంచిది."